గిడుగు పంతులుగారూ, మా ఊరి సెల్లూ

మా బోయినపల్లిలో ఫోను ఎవరూ ఎత్తరు, లేపుతరు. నిద్రపోతున్న పిల్లగాణ్ణి లేపినట్టు, కింద పడ్డ మనిషిని లేపినట్టు, మోగుతున్న ఫోనును కూడా లేపుతరు. మోటారు సైకిలును సైకిల్ మోటరంటరు. కరెంటు దీపం బుగ్గ. సెల్లులోకి పాటలు దిగుమతి చేసుకోరు, ఎక్కిచ్చుకుంటరు. బండికి గడ్డి మోపులు ఎక్కించినట్టే పాటలూ ఎక్కుతాయి, జాగ చాలకపోతే పాతవి తీసేస్తరు. ఈ మాటలు పుట్టించినవాళ్లు ఏ సంఘంలోనూ సభ్యులు కారు. దినభత్యం, ప్రయాణభత్యం పుచ్చుకోలేదు. వస్తువు చేతికొచ్చింది, నోరు దానికి పేరు పెట్టింది, అంతే.

సావనీరు సంపాదక మిత్రులు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని అడిగితే సెల్‌ఫోన్ల సంగతి చెబుతున్నాడేమిటని మీరు విసుక్కోవద్దు. రెంటికీ సంబంధం ఉంది. జనం నోట్లోని మాటకు కాగితం మీద కూర్చునే హక్కుందని జీవితమంతా పోట్లాడిన మనిషి ఒకాయన ఉన్నారు. మా ఊరికి ఎంతో దూరాన, తెలుగుదేశానికి ఆ చివర, ఒరియా సరిహద్దున ఆయన పుట్టారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. ఆ ఉపన్యాసాలు ఒక్కోసారి ఆయన జన్మంతా వద్దన్న భాషలోనే సాగుతాయి, అది వేరే సంగతి.

ముందు నా అభిప్రాయం ఒకటి మనవి చేస్తాను. చరవాణి అన్న మాట మీద నాకు పగ లేదు. వినసొంపుగానే ఉంటుంది. కాని దాని బతుకంతా శుభలేఖ అడుగున, పది అంకెల ముందే గడిచిపోతోంది. చరవాణిలో చార్జింగు అయిపోయిందని ఏ తల్లీ కొడుకుతో అనగా నేను వినలేదు. కంప్యూటరు గణనయంత్రమైంది, పాస్‌వర్డు సంకేతపదమైంది. పూర్వం రైలును ధూమశకటం అన్నారు. పొగబండి అన్న జనం మాట కొన్నాళ్లు బతికింది, ధూమశకటం మాత్రం స్టేషను దాటలేదు. ఇప్పుడు పొగా లేదు, బండి మాత్రం ఉంది, దాని పేరు రైలు. వస్తువు ఎవరు కనిపెట్టినా సరే, దాని పేరును ఖాయం చేసేది వాడేవాడు. ఈ చిన్న సత్యాన్ని పండితుల చేత ఒప్పించడానికి పంతులుగారికి సుమారు ముప్పయ్యేళ్లు పట్టింది.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డు ఊరు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారితో స్నేహం అక్కడిదే. 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పయి రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పై పరీక్షలు రాశారు. శ్రీముఖలింగం గుడి గోడల మీది శాసనాల లిపిని తనంత తానే నేర్చుకొని చదివారు. పని ముందు పెట్టుకొని దానికి కావలసిన విద్య వెతుక్కోవడం ఆయన పద్ధతి. మనం పట్టా ముందు పుచ్చుకొని తర్వాత పని వెతుక్కుంటాం.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, కొండల్లో సవరలు. సంతకు దిగివచ్చే ఆ మనుషుల మాట పట్నంలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అది తెలుగుకూ ఒరియాకూ చుట్టం కాదు. ముండా కుటుంబానిది, సంతాలీకి బంధువు. గొంతులో ఠక్కున ఆగిపోయే ధ్వనులు అందులో ఉన్నాయి, వాటికి మన అక్షరాలు చాలవు. పంతులుగారు సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చారు. ఆ మాటలతోనే వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత జీతం ఖర్చుపెట్టి సవర పిల్లలకు బడులు పెట్టారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇస్తామంటే తనకు వద్దన్నారు, ఆ డబ్బుతో బడి నడపమన్నారు.

ఆ కొండల్లో మలేరియా జ్వరం విపరీతం. జ్వరానికి మందు క్వినైను. అది మోతాదుకు మించి ఒంట్లో చేరితే చెవుల మీద పడుతుంది. పంతులుగారికి అదే జరిగింది. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి కొండలెక్కిన మనిషి ఆ తిరుగుళ్లలోనే వినికిడి పోగొట్టుకున్నారు. ఈ ముక్క దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను. ఇప్పుడు గుండీ అంత యంత్రం చెవిలో పెడితే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఆయన రోజుల్లో అటువంటి సౌకర్యం లేదు. అయినా పని ఆగలేదు. సవర భాష మీద ఇంగ్లీషులో ఆయన రాసిన గ్రంథం 1931లో వచ్చింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్భయి అయిదేళ్లు.

ఇక తెలుగు పోరాటం. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్సు అనే దొర ఉత్తర కోస్తా బడులకు ఇనస్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటూ అతనికి ఒక సందేహం పుట్టింది. ఇంట్లో, బజార్లో మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకయ్యాయని. ఆ సందేహం గురజాడవారిని, పి.టి. శ్రీనివాస అయ్యంగారిని, గిడుగువారిని ఒకచోట చేర్చింది. ఇంకేం, రెండు పక్షాలేర్పడ్డాయి. అవతలి పక్షాన జయంతి రామయ్య పంతులుగారు, పెద్ద పెద్ద పండితులు. స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుకభాషలో రాసుకునే వీలు కొన్నాళ్లు దొరికింది, మళ్లీ ఊడింది.

పంతులుగారి యుద్ధతంత్రం నాకు మహా ముచ్చటగా ఉంటుంది. పండితులను తిట్టలేదు, వాళ్ల పుస్తకాలనే చదివారు. గ్రాంథికమే రాయాలని శాసించినవాళ్లు తామే గ్రాంథికం ఎన్నిచోట్ల తప్పారో పుట, పంక్తి చూపించి ఏరిపెట్టారు. తణుకు సభలో నాలుగు గంటలసేపు ఇవే ఉదాహరణలు చెబుతూ పోయారట. ఈనాటి కంప్యూటరు తప్పున్న మాట కింద ఎర్రగీత గీస్తుంది కదా, ఆ గీత పంతులుగారు చేత్తో గీశారు. అయితే తేడా ఒకటుంది. యంత్రం తన జాబితాలో లేని ప్రతి మాటకూ గీత గీస్తుంది, జీవమున్న మాటైనా సరే. పంతులుగారు జీవమున్న మాటను వదిలిపెట్టి, చచ్చిన నియమం కింద గీశారు. మీరే సరిగా రాయలేని భాషను పసిపిల్లల నెత్తిన ఎందుకు రుద్దుతారన్నదే ఆయన వాదం మొత్తం.

1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. అంతటి వీరేశలింగంగారు చివరి రోజుల్లో ఇటు రావడం పెద్ద బలం. పంతులుగారు అదే ఏడు తెలుగు అనే పత్రిక పెట్టి ఏడాదిపాటు నడిపారు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. యాభయ్యేళ్లకు పైగా బతికిన ఊరు విడిచి ఆయన రాజమండ్రి చేరుకున్నారు. 1940 జనవరి 22న మద్రాసులో పోయారు. పోవడానికి వారం ముందు కూడా పత్రికా సంపాదకులను పిలిచి వాడుకభాషలో రాయమని బతిమాలుకున్నారు. విశ్వవిద్యాలయాలు పూర్తిగా ఒప్పుకోవడానికి ఆ తర్వాత ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇక్కడ మా ఊరి తరఫున ఒక మాట అనకపోతే నాకు నిద్రపట్టదు. పంతులుగారు గెలిచారు, నిజమే. కాని ఆ గెలుపులో మా వాటా మాకు ఆలస్యంగా అందింది. ఆయన శిష్ట వ్యావహారికమన్నారు, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష. అది పత్రికల్లో, పాఠాల్లో కుదురుకునేసరికి చాలావరకు కోస్తా జిల్లాల చదువరుల భాష అయి కూర్చుంది. వస్తలేదు, పోతున్న, తిన్నవా అనేవాళ్లం సినిమాల్లో నవ్వుపాటు పాత్రలమైనం. బోయినపల్లి నుంచి బస్సెక్కి కాలేజీకి వచ్చిన పిలగాడు మొదటి నెలలో నేర్చుకునేది ఆర్థికశాస్త్రం కాదు, తన అవ్వ భాషను దాచుకోవడం. పలుకుబడుల భాష కావాలని కాళోజీగారు గొంతెత్తడానికి కారణం ఇదే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఆగస్టు 29కీ దానికీ మధ్య పదకొండు రోజుల దూరమే ఉంది. ఈ ఇద్దరినీ పోటీకి పెట్టేవాళ్లతో నాకు పేచీ. గిడుగువారు మొదలుపెట్టిన వాక్యాన్ని కాళోజీగారు మన యాసలో ముందుకు నడిపారు, అంతే.

ఇదంతా మాటల సరదా అనుకునేరు, కాదు. మా పక్కన సిరిసిల్ల. కాగితాల్లో అక్కడున్నవి మరమగ్గాలు. సిరిసిల్ల గల్లీలో నిలబడి మరమగ్గాలెక్కడని అడగండి, మిమ్మల్ని ఆఫీసరనుకుంటారు. సాంచాలెక్కడని అడగండి, చప్పుడు వచ్చే వైపు చెయ్యి చూపిస్తారు. మా మండలంలోనే మాన్వాడ దగ్గర మధ్యమానేరు జలాశయం కట్టారు. ఊళ్లు నీళ్లలోకి పోయినప్పుడు భూసేకరణ, నిర్వాసితులు, పునరావాసం అని పెద్ద పెద్ద మాటలు కాగితాల మీద వచ్చాయి. ముంపు అన్న రెండక్షరాల మాట మాత్రం ఏ ముసలవ్వకూ విడమరచి చెప్పనక్కర్లేదు. తన ఇంటి గురించి రాసిన కాగితం తనకే అర్థం కాకపోతే ఆ మనిషి ఇంకొకరి మీద ఆధారపడాలి. సవర పిల్లవాడికి సవరలోనే పుస్తకం కావాలని పంతులుగారు పట్టుపట్టింది ఈ పరాధీనం పోవాలనే.

ఇప్పుడు అటువంటి పని ఫోనులో వచ్చిపడింది. పింఛను సంగతి ఫోనులో, పంట సంగతి ఫోనులో, పరీక్ష ఫలితం ఫోనులో. నోటితో చెబితే తెలుగులో రాసిపెట్టే ఫోన్లు వచ్చాయి. పుస్తకాల తెలుగు మాట్లాడితే ముత్యాల్లాగా రాస్తుంది. మా అవ్వలాగా మాట్లాడితే ఒక్కోసారి తెల్లమొహం వేస్తుంది. పండితుడు చేసిన పనే యంత్రం చేస్తోంది, కాకపోతే కోపం లేకుండా. దాని తప్పేమీ లేదు. దానికి మనం వినిపించింది అంతే. అచ్చులో ఎక్కువగా ఉన్న తెలుగే దానికి వచ్చు. చెవులు లేని మనిషి ఒకాయన కొండ మీది మాటను విన్నాడు, లక్ష చెవులున్న యంత్రం మానేరు ఒడ్డు మాటను వినలేకపోతోంది. వినాలంటే ముందు మనం రాయాలి.

రాసినవాడి మాట ఎక్కడికి పోతుందో చెప్పలేం. పంతులుగారు పర్లాకిమిడి వదిలిన 1936లోనే మంగేయి గొమాంగొ అనే సవర పెద్ద తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. 2012లో ఆ లిపి యూనికోడులో చేరింది. అంటే ఫోన్లకూ కంప్యూటర్లకూ ప్రపంచమంతా ఒప్పుకున్న అక్షరాల పట్టికలో తెలుగుతోపాటు సవర అక్షరాలకూ ఇప్పుడు చోటుంది. కొండదిగి వచ్చిన మాటకు అంత దూరం దారి దొరికినప్పుడు మన మాటకు దొరకదా?

అంచేత విద్యార్థి మిత్రులకు నాదొక చిన్న మనవి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక రెండువందల పేజీల నోటుబుక్కు వెంట తీసుకుపోండి. సాంచ నడిపే కాకను, మోటరు బాగుచేసే మేస్త్రీని, సెల్లు రిపేరు చేసే దోస్తును, ఇంట్లో అవ్వను అడిగి వాళ్లు వాడే యంత్రాల మాటలు, ఆ యంత్రం చెడిపోతే అనే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. దిద్దవద్దు. మీ ఊరి పేరు, ఆ మాట అర్థం పక్కన రాయండి. ఒక్కొక్కరు వంద మాటలు తెస్తే మన కాలేజీ దగ్గర ఒక నిఘంటువే తయారవుతుంది. గిడుగు పంతులుగారు పని మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గరున్న సరంజామా కూడా ఇంతే: ఒక కాగితం, ఒక కలం, ఎదురుగా కూర్చుని మాట్లాడే ఒక మనిషి.