పాల మర్మం వెదకి రాచపుండుకు వైద్యం చూపిన బీట్సన్

స్త్రీల రొమ్ములో పుట్టే క్యాన్సర్‌కు, పొత్తికడుపులో ఉండే అండాశయాలకు సంబంధం ఉందని నూరు సంవత్సరాలకు పూర్వమే రుజువు చేసిన శస్త్రవైద్యుడు సర్ జార్జి థామస్ బీట్సన్. గొర్రెలు, ఆవులు పాలిచ్చే తీరును గమనించడంతో మొదలైన ఆయన ఆలోచన నేటి హార్మోను చికిత్సకు పునాది అయింది. రాచపుండు అనగానే ఆశ వదులుకునే ఆ కాలంలో, ఆశ వదులుకున్న ఒక రోగి మీదనే ఆయన ఆ ఆలోచనను పరీక్షించారు.

సింహళంలో జననం

బీట్సన్ 1848లో సింహళ ద్వీపంలోని ట్రింకోమలీలో జన్మించారు. తండ్రి బ్రిటిషు సైన్యంలో వైద్యుడు. వారిది స్కాట్లండ్ కుటుంబం. బీట్సన్ కేంబ్రిడ్జిలో చదువుకుని, 1874లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. గాయాలు కుళ్లకుండా మందునీటితో శుభ్రపరిచే పద్ధతిని లోకానికి నేర్పిన లిస్టర్ వద్ద కొంతకాలం పనిచేశారు. పిమ్మట గ్లాస్గో నగరం చేరి, జీవితమంతా అక్కడే గడిపారు.

గొర్రెల దొడ్డి పక్కన

1876 ప్రాంతంలో స్కాట్లండ్ పల్లెల్లో మతి చలించిన ఒక రోగిని కనిపెట్టి ఉండే పని బీట్సన్‌కు దొరికింది. ఆ ఇంటి పక్కనే పెద్ద గొర్రెల క్షేత్రం ఉంది. చేతిలో తీరిక ఉండడంతో ఆయన గొర్రెల వద్దకు వెళ్లి, పిల్లలకు పాలు మాన్పించే విధానాన్ని శ్రద్ధగా చూశారు. పై పట్టా కోసం రాయవలసిన పరిశోధన వ్యాసానికి పాలు ఊరే విషయాన్నే ఎన్నుకున్నారు. 1878లో ఆ పట్టా లభించింది.

శరీరంలో ఒక అవయవం మరొక అవయవాన్ని నరాల ద్వారానే శాసిస్తుందని ఆ రోజుల్లో వైద్యులు నమ్మేవారు. పాలు ఊరడాన్ని శాసించే నరం ఏదీ బీట్సన్‌కు కనబడలేదు. ఇంతలో ఆస్ట్రేలియా రైతుల అలవాటు ఒకటి ఆయనకు తెలిసింది. ఆవు ఈనిన తర్వాత దాని అండాశయాలు తీసివేస్తే, పాలు వట్టిపోకుండా చాలాకాలం ఇస్తుందని వారి అనుభవం. పొదుగు ఎక్కడ, అండాశయం ఎక్కడ? నరం కలపకపోయినా ఒకదాని మీద ఇంకొకదాని పెత్తనం ఉందని ఆయన గ్రహించారు. కుందేళ్ల మీద కూడా ప్రయోగాలు చేసి చూశారు.

మరొక పోలిక కూడా ఆయన మనసులో నిలిచిపోయింది. పాలు వచ్చే ముందు రొమ్ములోని కణాలు చురుకుగా పెరుగుతాయి. క్యాన్సర్‌లోనూ కణాలు పెరుగుతాయి గాని, వాటికి అదుపు ఉండదు. మొదటి పెరుగుదల అండాశయం చేతిలో ఉన్నప్పుడు, రెండోదానికి కూడా దానితో లంకె ఉండవచ్చు గదా అని ఆయన తర్కించారు. క్యాన్సర్ ఏదో పురుగు వలన వస్తుందని పలువురు వైద్యులు వాదిస్తున్న రోజులవి. ఆ వాదం ఆయనకు సమ్మతం కాలేదు.

1895 జూన్ 15

గ్లాస్గో క్యాన్సర్ ఆసుపత్రిలో బీట్సన్ శస్త్రవైద్యునిగా ఉండగా, 1895 మే నెలలో 33 ఏళ్ల స్త్రీ ఆయన వద్దకు వచ్చింది. ఇద్దరు బిడ్డల తల్లి. అంతకు ముందే వేరే చోట రొమ్ము తీసివేశారు. అయినా గడ్డ మళ్లీ ఛాతీ మీద పాకింది. ఇక కత్తితో తీయడానికి వీలులేని స్థితి.

మామూలు వైద్యంతో చేయగలిగింది ఏమీ లేదన్న సంగతి బీట్సన్ దాచలేదు. ఆమెకు, ఆమె భర్తకు ఉన్నదున్నట్లు చెప్పి, అండాశయాలు తీసివేసి చూద్దామని, ఇది ప్రయోగం మాత్రమేనని వివరించారు. ఆమె ఒప్పుకున్నది. జూన్ 15న శస్త్రచికిత్స జరిగింది. థైరాయిడ్ గ్రంథి సారంతో చేసిన మాత్రలు కూడా ఇచ్చారు. వారాలు గడిచే కొద్దీ గడ్డ మెత్తబడి, కుదించుకుపోసాగింది. ఎనిమిది నెలలకు దాని ఆనవాలు కూడా కనిపించలేదు.

1896లో ఈ వివరాలను బీట్సన్ ఎడిన్‌బరో వైద్యుల సభ ముందుంచారు. అదే సంవత్సరం జులైలో లాన్సెట్ వైద్య పత్రిక వాటిని ప్రచురించింది. అయితే ఆ వ్యాధి మళ్లీ తలెత్తింది. శస్త్రచికిత్స జరిగిన నాలుగేళ్లకు ఆ స్త్రీ మరణించింది. నెలలు కూడా కష్టమనుకున్న మనిషి నాలుగేళ్లు బతకడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. పూర్తిగా నయమైందని చెప్పడానికి కూడా వీలులేకపోయింది.

ముగ్గురిలో ఒకరికే మేలు

ఆ తర్వాత పలువురు వైద్యులు ఈ పద్ధతిని అనుసరించారు. లండన్ శస్త్రవైద్యుడు స్టాన్లీ బాయిడ్ 1900లో 54 మంది రోగుల వివరాలు కూడగట్టి చూడగా, సుమారు మూడింట ఒక వంతు మందికే మేలు కనిపించింది. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చేయదో ముందుగా చెప్పే దారి లేదు. దానితో చాలామంది వైద్యులకు ఈ పద్ధతి మీద ఉత్సాహం తగ్గింది.

కారణం తెలియడానికి దశాబ్దాలు పట్టింది. అండాశయాల నుంచి రక్తంలోకి ఈస్ట్రోజన్ అనే రసం చేరుతుంది. 1929లో అమెరికాలో డాయిసీ, జర్మనీలో బ్యూటెనాంట్ ఆ జాతికి చెందిన హార్మోనును మొదటిసారి విడదీశారు. శరీరం కొలెస్టరాల్ నుంచి తయారుచేసుకునే ఇటువంటి వాటినే స్టెరాయిడ్ హార్మోన్లు అంటారు. పురుషుల వృషణాలలో పుట్టే టెస్టోస్టెరాన్ కూడా ఈ జాతిదే. కోడెకు విత్తులు కొట్టిస్తే దాని పొగరు తగ్గడం రైతులందరికీ తెలిసిందే. ఆ హార్మోను తగ్గడమే అందుకు కారణం.

ఈస్ట్రోజన్‌ను కాలువ నీటితో పోల్చవచ్చు. కాలువ ఎంత పారినా, తూము ఉన్న మడికే నీరు అందుతుంది. కొన్ని క్యాన్సర్ కణాలలో ఈస్ట్రోజన్‌ను పట్టుకునే తూముల వంటి గ్రాహకాలు ఉంటాయి. అవి ఆ హార్మోనుతోనే పెరుగుతాయి. గ్రాహకాలు లేని క్యాన్సర్‌కు ఆ హార్మోనుతో పని లేదు. బీట్సన్ కాలువను తలకట్టు దగ్గరే కట్టివేశారు. తూము ఉన్న మడి ఎండింది, లేని మడి ఎప్పటిలాగే ఉండిపోయింది. ఈ గ్రాహకాల సంగతి 1950వ దశకం చివర నుంచి చికాగోలో ఎల్‌వుడ్ జెన్సన్ జరిపిన పరిశోధనల వల్ల బయటపడింది.

మాత్రలుగా మారిన చికిత్స

చికాగోలోనే చార్లెస్ హగ్గిన్స్ 1941లో పురుషుల ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ విషయంలో ఇదే సూత్రాన్ని నిరూపించారు. వృషణాలు తీసివేసినా, ఈస్ట్రోజన్ ఇచ్చినా ఆ వ్యాధి తగ్గుముఖం పడుతుందని చూపారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

1970వ దశకం నుంచి రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ మాత్రలు వాడుకలోకి వచ్చాయి. ఇవి రొమ్ము కణాల తూముకే అడ్డు వేస్తాయి. ముట్లుడిగిన స్త్రీలలో అండాశయాలు ఆగిపోయినా, ఒంట్లోని కొవ్వు కొంత ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది. ఆ ఊటను ఆపే మాత్రలు వేరుగా ఉన్నాయి. కత్తి అవసరం కొందరికే పరిమితమైంది.

అంబులెన్సు సేవ

బీట్సన్ కృషి క్యాన్సర్‌తోనే ఆగలేదు. ప్రమాదాలలో గాయపడిన వారికి వెంటనే సాయం అందించే సెయింట్ ఆండ్రూస్ అంబులెన్సు సంఘం 1882లో గ్లాస్గోలో ఏర్పడినప్పుడు ఆయన ముఖ్యపాత్ర వహించారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో స్కాట్లండ్ రెడ్‌క్రాస్ పనులు నడిపించారు. 1907లో సర్ బిరుదు లభించింది. ఆయన వివాహం చేసుకోలేదు. 1933లో, 84వ ఏట కన్నుమూశారు. పనిచేసిన ఆసుపత్రికి తర్వాత ఆయన పేరే పెట్టారు. నేడు గ్లాస్గోలోని పెద్ద క్యాన్సర్ వైద్య కేంద్రం కూడా బీట్సన్ పేరుతోనే నడుస్తున్నది.

గమనించవలసినవి

రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదని ఊరుకోరాదు. మొదట్లో క్యాన్సర్ గడ్డకు నొప్పి లేకపోవడమే తరచు జరుగుతుంది. సిగ్గుపడి దాచుకుంటే నష్టపోయేది ఆ ఇల్లాలే. గడ్డ ముక్కను పరీక్షించినప్పుడు హార్మోను గ్రాహకాలు ఉన్నవీ లేనివీ తేలుతుంది. ఉన్నాయని తేలిన వారు మాత్రలు సాధారణంగా 5 సంవత్సరాలు, కొందరు అంతకన్నా ఎక్కువ కాలం వాడవలసి ఉంటుంది. ఒళ్లు కుదుటపడిందని మధ్యలో మానరాదు.

అలాగే, ముందుజాగ్రత్త పేరుతో అందరూ గర్భసంచి, అండాశయాలు తీయించుకోవడం పొరపాటు. చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకలు గుల్లబారుతాయి, గుండెకూ హాని కలుగుతుంది. బీట్సన్ కూడా వేరే దారి లేని రోగికే, అన్నీ చెప్పి, ఒప్పుకున్న తర్వాతనే ఆ పని చేశారు.