సన్యాసం వద్దంటే వైద్యం: డా. యల్లాప్రగడ సుబ్బారావు

పిల్లవాణ్ణి డాక్టరు చదివించాలా వద్దా అన్న చర్చ ఏటా పరీక్షా ఫలితాలతో పాటే మన ఇళ్ళలోకి వస్తుంది. మార్కులు, సీటు, ఖర్చు చుట్టూనే మాటలు తిరుగుతాయి. ఈ సందర్భంలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం తలచుకోదగినది.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయనకు మొదట చదువు అబ్బలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. తండ్రి పోయిన ఇంట్లో తల్లి వెంకమ్మగారు నగలు అమ్మి చదివించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉండగా ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం అనగానే తల్లి ససేమిరా అన్నారు. ఆమె అనుమతి లేనిదే మఠమూ చేర్చుకోలేదు. వైద్యం నేర్చినా రోగులకు సేవ చేయవచ్చు కదా అని మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆర్థికంగా ఆదుకున్నారు.

అక్కడా దారి సుగమం కాలేదు. ఖద్దరు కట్టి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం రాలేదు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇంతలో అన్న పురుషోత్తంగారిని స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి బలిగొంది. నాడు దానికి సరైన మందు లేదు. ఉన్న మందులు ఇవ్వడం కంటే లేని మందు వెతకడమే తన పని అని ఆయన తేల్చుకున్నారు.

1923లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లే సంస్థకు వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నను కాపాడలేని వైద్యానికి స్ప్రూ మందు ఆ విధంగా దక్కింది. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం కృషి ఫలితాలే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు.

మన ఊళ్ళలో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్రలో, గర్భిణులు వేసుకునే ఫోలిక్ ఆమ్లం మాత్రలో ఆయన శ్రమ ఉంది. మనవడు వైద్యం చదువుతానంటే మార్కులతో పాటు, ఎవరి బాధ చూసి ఈ కోరిక పుట్టిందో కూడా అడుగుదాం.