యుసేబియో కీనో

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అరిజోనా దక్షిణ భాగమున, తుమకాకోరి యను చోట, పాడుపడిన క్రైస్తవ దేవాలయ మొకటి కలదు. దాని గోడలు పచ్చి ఇటుకలతో కట్టినవి. గంటల గోపురము పూర్తికాకయే నిలిచిపోయినది. ఆ గోడలు కీనో మరణించిన సుమారు 90 ఏండ్లకు లేచినవి. అయినను ఆ మిషనుకు మూలపురుషుడు అతడే.

కీనో 1645 లో, నేడు ఇటలీలోనున్న సెగ్నో గ్రామమున జన్మించెను. యౌవనమున ప్రాణాపాయకరమైన జబ్బు చేయగా, బ్రతికినచో దైవసేవ చేసెదనని మ్రొక్కుకొనెను. 1665 లో జెస్యూట్ సంఘమున చేరెను. గణితమున దిట్టయైన అతడు చైనాకు పోగోరెను. కాని చీట్లు వేయగా మెక్సికో వంతు వచ్చెను. 1681 లో అచ్చటికి చేరెను.

ఆ దేశము అప్పుడు స్పెయిన్ రాజు పాలనలో నుండెను. వెండిగనులలో ఆదివాసులచేత బలవంతముగా పని చేయించుచుండిరి. 1687 లో కీనో పీమా జాతివారి నడుమకు పోవునప్పుడు, క్రొత్తగా క్రైస్తవులైన వారిని 20 ఏండ్లవరకు గనులకు కొనిపోరాదను రాజాజ్ఞను వెంట తీసికొనిపోయెను. మొక్కజొన్న పండించుకొను ఆ జనులకు గోధుమ విత్తనములను, పశువులను ఇచ్చెను. 1691 జనవరిలో తుమకాకోరివారు అతనికై మూడు పందిళ్ళు వేసిరి: ఒకటి పూజకు, ఒకటి నిద్రకు, ఒకటి వంటకు.

1695 లో దౌర్జన్యములు సహింపలేక కొందరు పీమాలు తిరుగబడి, సయేటా యను మతాచార్యుని చంపిరి. పిదప సంధికై ఆయుధములు విడిచి వచ్చిన వారిపై సైనికులు పడి సుమారు 50 మందిని వధించిరి. వారిలో పెక్కుమంది నిరపరాధులు. పగ దేశమెల్ల రగిలెను. కీనో తన చోటు విడువలేదు. నాయకులకు నచ్చజెప్పి సంధి కుదిర్చెను. అనంతరము సుమారు ఏడు వారములు ప్రయాణము చేసి మెక్సికో నగరమునకు పోయి, పీమాలు ద్రోహులు కారని అధికారుల యెదుట వారి పక్షమున మాటాడెను.

కాలిఫోర్నియా ద్వీపమని పలువురు నమ్మిన ఆ దినములలో, 1702 లో కొలరాడో నదీముఖమువరకు పోయి, అది ప్రధాన భూభాగముతో కలిసియున్నదని కీనో తెలిసికొని పటమున చూపెను.

1711 లో మగ్దలేనాలో అతడు కన్ను మూసెను. రెండు దూడ తోళ్ళు పరుపు. మూటలు మోయు గుర్రపు జీను తలగడ. అతని పడక యెప్పుడును అదియే.

మిషనుల వెంట వచ్చిన అంటువ్యాధులు తరువాతి కాలమున పీమాలను మిక్కిలి క్షీణింపజేసినవి. 1848 లో తుమకాకోరి నిర్జనమయ్యెను. గోడలు కూలినవి, కాని బలహీనుల పక్షమున నిలిచిన ఆ మనుజుని పేరు చెక్కుచెదరలేదు.