శీతలమును వెదకిన పండితుడు: కామెర్లింగ్ ఒన్నెస్ గారు

పదార్థమును చల్లార్చుచు పోగా కట్టకడకేమగును? ఈ యొక్క ప్రశ్నకే తమ జీవితమును ధారపోసిన హైకె కామెర్లింగ్ ఒన్నెస్ గారి చరిత్రమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన హాలెండు దేశమున గ్రోనింగెన్ పట్టణమందు 1853వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన జన్మించిరి. తండ్రి ఇటుకల కర్మాగారమునకు యజమాని. హైడల్బెర్గులో బున్సెన్, కిర్కాఫ్ పండితులయొద్ద కొంతకాలము చదివిరి. మన శాస్త్రపాఠపు గదిలో నిత్యము వెలిగించు దీపమునకు ఆ బున్సెన్ పేరే వచ్చినది. 1882లో, ఇరువది తొమ్మిదేండ్ల వయస్సున, లైడెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులైరి. ఆరోగ్యము ఎన్నడును అంతంతమాత్రమే.

లైడెనులో 1807న మందుగుండు పడవ యొకటి ప్రేలి ఒక పేట పేటయే కూలిపోయెను. ప్రయోగశాల ఆ శిథిలప్రదేశముననే కట్టబడియుండెను. అందుచే అధిక పీడనము గల వాయువులతో పని యనగానే పురజనులు భయపడిరి. 1895 మొదలు 1898 వరకు పని ఆగిపోయెను. ఆ 1898లోనే లండనులో డ్యువార్ ఉదజనిని ద్రవముగా మార్చి ముందుకు పోయెను. ఒన్నెస్ గారు నిరుత్సాహపడలేదు. పనిముట్లు చేయువారికై 1901లో ఒక శిక్షణసంఘమును స్థాపించి, నీలి అంగీల బాలురకు గాజు ఊదుటయు లోహపుపనియు నేర్పించిరి. ఆయన విజయమునకు సగము కారణము ఈ బాలురేయని మా నమ్మకము.

మిగిలిన వాయువు హీలియము. దానిని మోనజైటు ఇసుకనుండి తీయవలెను. సోదరుడు ఓన్నో ఆ ఇసుకను అమెరికానుండి సమకూర్చెను. (అట్టి ఇసుక మన భీమునిపట్టణపు తీరమందును కలదు.) 1908 జూలై 10న తెల్లవారుజామున పని మొదలయ్యెను. సాయంకాలమునకు ఉష్ణమాపకము దిగుట మానినను ద్రవమెవరికిని కనబడలేదు. చూడవచ్చిన స్నేహితుడొకరు పాత్రకు క్రిందినుండి వెలుగు చూపింపుడనగా, ద్రవపు అంచు స్పష్టముగా కనబడెను. అది సున్నకు దిగువ 269 డిగ్రీల చల్లదనము. దొరకిన ద్రవము 60 ఘన సెంటీమీటర్లు మాత్రమే.

లోహములు మిక్కిలి చల్లబడినపుడు విద్యుత్తును ఎట్లు మోయును? కొందరు ప్రవాహము స్తంభించుననిరి. కొందరు నిరోధము మెల్లగా తగ్గుననిరి. స్వేదనముచే శుద్ధి చేయదగినదగుటచే పాదరసమును సన్నని గాజుగొట్టములయందు నింపి, 1911 ఏప్రిల్ 8న పరీక్షించిరి. నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను! వేరొక గదిలో గాల్వనామీటరు చూచిన యువకుడు గిలిస్ హోల్స్ట్. అయినను ప్రకటించిన పత్రముపై కర్తగా ఒన్నెస్ గారి పేరొక్కటే కలదు. ఆ కాలపు ఆచారమట్టిదే యనవచ్చును. మాకు మాత్రము అది న్యాయముగా తోచదు. 1914లో హోల్స్ట్ ఫిలిప్స్ వారి పరిశోధనాలయమున మొదటి అధ్యక్షుడయ్యెను.

1913లో ఒన్నెస్ గారికి నోబెల్ బహుమానము వచ్చెను. నిరోధము లేని తీగెచుట్టతో లక్ష గౌసుల అయస్కాంతమును చేయవలెనని ఆశించిరి. కాని కొద్దిపాటి అయస్కాంతబలమునకే ఆ గుణము చెడిపోవుచుండెను. కారణము తెలియకయే 1926 ఫిబ్రవరి 21న పరమపదించిరి.

ఇనుము స్వభావముచేతనే అయస్కాంతము కదా. కనుక అది ఈ గుణమునకు శత్రువని పండితులు తలచుచుండిరి. ఒన్నెస్ గారు హీలియమును ద్రవముగా చేసిన సరిగా నూరేండ్లకు, 2008లో, టోక్యోలో హొసోనో బృందమువారు లాంతనము, ఆమ్లజని గల పొరను, ఇనుము, ఆర్సెనికము గల పొరను ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న సమ్మేళనమున కొంత ఫ్లోరిను చేర్చి, పరమశూన్యమునకు పైన 26 డిగ్రీలయందే నిరోధము మాయమగుట చూపిరి. ఆ యేడే చీనా పండితులు లాంతనమునకు బదులు సమేరియమును వాడి 55 డిగ్రీలకు చేర్చిరి. ఒన్నెస్ గారి పాదరసము 4 డిగ్రీలకు పైన కొద్దిగానే నిలిచినది. పైగా ఈ ఇనుపసమ్మేళనములు ఆయన తీగెచుట్టను ఓడించిన అయస్కాంతబలమును వేలరెట్లు అధికముగా ఓర్చును. ఏ బలముచే వీనియందు ఎలక్ట్రానులు జతలు కట్టుచున్నవో యను వాదము నేటికిని పండితులలో తెగలేదు.