యంత్రవిద్యా తపస్వి జి. డి. నాయుడు

మెట్టభూముల వ్యవసాయ చరిత్ర అంటే బావిలోని నీటిని గట్టుమీదికి తెచ్చే ప్రయత్నాల చరిత్రే. ధర్మపురి ప్రాంతానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. కావేరీ నది తమిళనాటిలో అడుగుపెట్టేది హొగెనకల్ దగ్గరనే అయినా, ఆ నది లోతైన రాతిలోయలో ప్రవహించడం చేత ఎగువనున్న పొలాలకు దాని నీరు సులభంగా అందదు. అందువల్ల ఇక్కడి రైతు తరతరాలుగా చెరువును, బావిని నమ్ముకొనే బ్రతికాడు. జత ఎద్దులు వాలుగట్టు మీద ముందుకు వెనుకకు నడుస్తూ తోలుసంచితో నీరు తోడే కపిలె ఒకనాడు ప్రతి బావి మీదా కనిపించేది. ఆ కపిలె స్థానంలో కరెంటు మోటారు, పంపు వచ్చి చేరిన పరిణామం వెనుక, తమిళదేశంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన మేధావి కృషి ఉన్నది. ఆయనే కోయంబత్తూరు వాసి గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి. డి. నాయుడు అని పిలిచింది.

బాల్యం

నాయుడు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు ఏమాత్రం రుచించలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లిన అల్లరి పిల్లవాడిగానే ఆ ఊరు ఆయనను ఎరిగింది. ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువు ఆగిపోయింది. తండ్రి ఆయనను పొలం పనులకు పంపారు. అయితే తరగతిగదిలో నిలవని ఆ మనస్సు, కనిపించిన ప్రతి వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడంలో మాత్రం గంటల తరబడి నిలిచేది.

యౌవనంలో ఆ పల్లెదారిలో ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతూ వచ్చిన రడ్జ్ మోటారుసైకిలు ఆయన కంటపడింది. ఎద్దూ గుర్రమూ లేకుండా తనంతట తానే పరుగెత్తే ఆ బండి ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. దానిని సొంతం చేసుకోవాలనే పట్టుదలతో కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో పనివాడుగా కుదిరి, జీతంలో పైసాపైసా కూడబెట్టి, చివరకు 300 రూపాయలకు ఒక మోటారుసైకిలు కొన్నారు. సాధారణంగా కుర్రవాళ్ళు కొత్త బండి కొంటే ఊరంతా తిరిగి చూపించుకొంటారు. నాయుడు మాత్రం దానిని మరమరగా విప్పి, ప్రతి భాగాన్ని పరిశీలించి, తిరిగి యథాతథంగా బిగించారు. ఆయన విద్యాభ్యాసం నిజంగా మొదలైనది ఆనాడే.

నష్టం నేర్పిన పాఠం, బస్సు తెచ్చిన కీర్తి

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నాయుడు తిరుప్పూరులో ప్రత్తి గింజలు తీసే వ్యాపారంలో ప్రవేశించి ధనం సంపాదించారు. ఆ ఉత్సాహంతో బొంబాయి వెళ్ళి ప్రత్తి వర్తకంలో దిగి, సంపాదించినదంతా పోగొట్టుకొన్నారు. వట్టి చేతులతో తిరిగివచ్చిన ఆ యువకునికి అండగా నిలిచినవారు కోయంబత్తూరు వ్యాపార, విద్యారంగాలలో పేరొందిన సర్ రాబర్ట్ స్టేన్స్. ఆయన సహాయంతో నాయుడు ఒక బస్సు కొని, 1920లో పొళ్ళాచి, పళని ఊళ్ళ మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే క్రమంగా యూనివర్సల్ మోటారు సర్వీసుగా పెరిగింది. 1930ల తొలినాళ్ళకు ఆయన సంస్థలో సుమారు 280 బస్సులు ఉండేవి. బస్సులను బాగుచేసుకొనేందుకు ఏర్పడిన వర్క్‌షాపులే ఆ తరువాత ఆయన ప్రయోగశాలలైనాయి. విదేశీ యంత్రంలో ఒక భాగం విరిగితే ఓడలో కొత్తది వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవడం ఆయన స్వభావానికి విరుద్ధం.

స్వదేశీ మోటారు

1930 దశకం కోయంబత్తూరుకు శుభకాలమైనది. నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు మైదానానికి దిగివచ్చింది. సేలం జిల్లాలో 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయినది. విద్యుత్తు వచ్చినది గాని, దానితో నడిచే మోటారు మాత్రం విదేశాల నుండి రావలసిందే. ఈ లోటును తీర్చడానికి నాయుడు పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే సంస్థను నెలకొల్పారు. 1937లో అక్కడ ఆయన, డి. బాలసుందరం నాయుడు కలిసి తయారుచేసిన మోటారే భారతదేశంలో రూపొందిన తొలి స్వదేశీ విద్యుత్ మోటారుగా పేరుగాంచింది. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. ఆ విజయం చూసి ఎందరో ధైర్యం తెచ్చుకొన్నారు. పోతపనివారు, లేతు పనివారు, తీగచుట్టలు చుట్టేవారు వీధివీధినా వెలిశారు. కోయంబత్తూరు కాలక్రమాన పంపుల నగరమని పేరు తెచ్చుకొన్నది.

మోటారు తయారుచేయడం సామాన్యమైన పని కాదు. అందులో కదలక నిలిచే భాగానికి, లోపల తిరిగే భాగానికి నడుమ ఉండే సందు మిల్లీమీటరులో కొద్ది పాలు మాత్రమే. ఆ సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అయితే మోటారు అదురుతుంది, వేడెక్కుతుంది, తుదకు తీగచుట్ట కాలిపోతుంది. కనుక మోటారు చేయగలిగిన ఊరు అంటే మిల్లీమీటరులో వందవ వంతును గౌరవించడం నేర్చుకొన్న ఊరు అని అర్థం. నాయుడు తన పనివారికి ఇచ్చిన అసలు సంపద ఈ క్రమశిక్షణయే.

పంపులో దాగిన శాస్త్రం

మోటారు తిరిగినంత మాత్రాన నీరు పైకి రాదు. పంపులోని రెక్కలచక్రం వేగంగా తిరుగుతూ నీటిని అంచులకు విసరుతుంది. నడుమ ఏర్పడిన ఖాళీలోకి వాతావరణపు ఒత్తిడి బావినీటిని నెట్టుతుంది. సముద్రమట్టం వద్ద ఆ ఒత్తిడి మోయగలిగిన నీటిస్తంభం ఎత్తు సుమారు 10.3 మీటర్లు. గొట్టంలో రాపిడి మొదలైన నష్టాలు పోగా వాడుకలో అది ఆరేడు మీటర్లకు మించదు. మెట్టప్రాంతాలలో బావిలోపల సగం దూరంలో అరుగు కట్టి దానిమీద మోటారు బిగించడానికి కారణం ఇదే. నీటిమట్టం తగ్గినకొద్దీ రైతు ఆ మోటారును మరింత క్రిందికి దించుకొనేవాడు. బోరుబావులు వచ్చిన తరువాత మోటారునే నీటిలో ముంచి, పీల్చడానికి బదులు క్రిందినుండి పైకి నెట్టే పద్ధతి ఏర్పడింది.

పంపు నాణ్యత రైతు గమనించని చోటనే ఉంటుంది. ఉదాహరణకు మోటారు సామర్థ్యం నూటికి 80, పంపు సామర్థ్యం నూటికి 60 అనుకొంటే, ఖర్చయిన విద్యుత్తులో నీటిని ఎత్తడానికి ఉపయోగపడేది 48 పాళ్ళు మాత్రమే. మిగిలినది వేడిగాను, అదురుగాను, చక్రం ప్రక్కనుండి వెనుకకు జారే నీటి రూపంలోను వృథా అవుతుంది. రెక్కల వంపు సరిచేసి, పోతలోని గరుకుతనం తగ్గించి, సందులు బిగువుచేసి పంపు సామర్థ్యాన్ని 70కి తెస్తే అదే విద్యుత్తుతో 56 పాళ్ళ పని జరుగుతుంది. మోటారుకు, పంపుకు నడుమ పటకా తొలగించి రెండింటినీ ఒకే ఇరుసు మీద నిలిపే మోనోబ్లాక్ పద్ధతి కూడ ఇటువంటి మేలు కొరకు వచ్చినదే.

పంపు పుట్టుకకు పోతశాల, పోతశాలకు గాలి అవసరం. బొగ్గుకొలిమిలో ఇనుము కరగాలంటే ఎడతెగని గాలి ఊదవలసిందే. ఇందుకు పనికివచ్చిన యంత్రాలలో ఒకదాని కథ ఆసక్తికరమైనది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ అనే ఊరిలో ఉన్నిమిల్లు నడిపే ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే సోదరులు 1850లలో తమ మిల్లుకు మేలైన నీటిచక్రం చేయబోయారు. నడుము సన్నగా ఉండే రెండు కొయ్య చక్రాలను ఒక పెట్టెలో ఎదురెదురుగా తిప్పారు. నీటికి కొయ్య ఉబ్బి చక్రాలు బిగుసుకొనిపోయాయి. అయితే ఆ చక్రాలు ఉత్తగా తిరిగినపుడు బలంగా గాలి వీచడం గమనించి, దానిని కొలిమికి వాడవచ్చునని గ్రహించారంటారు. 1860లో వారికి పేటెంటు లభించింది. అందులోని రెండు చక్రాలు ఒకదానినొకటి తాకవు, పెట్టె గోడనూ తాకవు. బయటనున్న పళ్ళచక్రాలు వాటి నడకను తప్పనీయవు. సందు ఎక్కువైతే గాలి వెనుకకు జారుతుంది, తక్కువైతే ఒరుసుకొని విరుగుతుంది. నీటియంత్రంగా ఓడిపోయినది గాలియంత్రంగా గెలిచింది. నాయుడు జీవితం కూడ ఇటువంటిదే. విద్యార్థిగా ఓడిపోయిన చోటనే ఆయన ఆచార్యుడుగా నిలిచారు.

విభిన్న ఆవిష్కరణలు

నాయుడు ప్రతిభ ఒక్క మోటారుతో ఆగలేదు. ఐరోపా పర్యటనల అనుభవంతో రసంత్ అనే విద్యుత్ క్షురకయంత్రాన్ని రూపొందించారు. పలుచని క్షవరపు బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో నడిచే ఫంకా, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రం ఆయన ఆలోచనలలో పుట్టినవే. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని చూపారు. వ్యవసాయంలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటల మీద ప్రయోగాలు చేశారు. 1952లో ఇద్దరు కూర్చొనే చిన్న పెట్రోలు కారును 2000 రూపాయలకు లభించేటట్లు తయారుచేశారు. కాని దానిని ఉత్పత్తి చేయడానికి ప్రభుత్వ అనుమతి లభించలేదు. పన్నుల భారం, అనుమతుల జాప్యం పరిశోధకుని చేతులు కట్టివేస్తున్నవని ఆవేదన చెంది, తన వస్తువులను కొన్నింటిని బహిరంగంగా తానే ధ్వంసం చేసి నిరసన తెలిపారు. ఈ చర్య మంచిదా కాదా అన్నది నేటికీ ఆలోచించదగినదే. సృష్టించిన చేతులే పగులగొట్టవలసి వచ్చిందంటే ఆ హృదయం ఎంత గాయపడి ఉంటుందో మాత్రం ఊహించవచ్చు.

విద్యాదాత

బడి మానిన ఈ మనిషి తన సంపదలో పెద్ద భాగాన్ని విద్యకే ధారపోశారు. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడటానికి ఆయన దానమే ఆధారం. కళాశాలకు తొలి ప్రిన్సిపాలు కూడ ఆయనే. ఇంజనీరింగు విద్యకు నాలుగేళ్ళు అవసరం లేదని, చేతిపనితో కలిపి నేర్పితే తక్కువ కాలంలోనే సమర్థులను తయారుచేయవచ్చునని ఆయన వాదించారు. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. ఆయన పదవి నుండి తప్పుకొన్నారు. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వృద్ధి చెందింది. అది తొలుత నెలకొన్న ప్రాంతాన్ని ప్రజలు ఇప్పటికీ హోప్స్ కాలేజీ అనే పిలుస్తారు.

ఆ వాదనలో గెలుపోటములు ఎలా ఉన్నా, అందులోని ప్రశ్న ప్రతి పాఠశాలకూ సంబంధించినదే. పుస్తకంలోని సూత్రం చేతికి రాకపోతే ఆ చదువు సగమే. చేతిపని వెనుక సూత్రం తెలియకపోతే ఆ పని కూడ సగమే. నాయుడు మొదటి సగాన్ని బడిలో పొందలేకపోయారు. దానిని ఒక్కడుగా, ఎంతో ప్రయాసపడి, యంత్రాల దగ్గర సంపాదించుకొన్నారు. అటువంటి ప్రయాస ఇతర బాలురకు వద్దనుకొన్నందుకే పారిశ్రామిక విద్యాలయాలకు ఊపిరిపోశారు. 1967లో ఆయన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల వెలసింది.

చరమదశ, చిరస్మృతి

1974 జనవరి 4వ తేదీన జి. డి. నాయుడు తమ 80 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది.

ఆయన కృషికి నిజమైన స్మారకం మాత్రం పొలాలలోను, పల్లెలలోను ఉన్నది. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు అధికమై పిల్లల పళ్ళను, పెద్దల ఎముకలను పాడుచేసిన బాధ ఇక్కడి కుటుంబాలకు తెలియనిది కాదు. 2013లో ప్రారంభమైన హొగెనకల్ త్రాగునీటి పథకం, ఒకనాడు అందరాని లోయలో పారిన కావేరి నీటినే యంత్రశక్తితో పైకెత్తి ఈ పల్లెలకు చేర్చుతున్నది. కపిలె కాలం నుండి ఆ పథకం వరకు సాగిన దారిలో, మన యంత్రం మనమే చేసుకోగలమని తొలుదొలుత నిరూపించిన కొద్దిమందిలో నాయుడు ఒకరు.

తెలుగు ఇంటిలో పుట్టి, తమిళసీమను తన కర్మభూమిగా చేసుకొని, రెండు భాషల ప్రజలకూ ఆప్తుడైన ఆ మహనీయుని జీవితం విద్యార్థులకు ఒక పెద్ద పాఠం. బడి మానినందువల్ల ఆయన గొప్పవాడు కాలేదు, నేర్చుకోవడం మానకపోవడం వల్లనే గొప్పవాడైనాడు. ఇంటిలో పాడైన గడియారాన్ని విప్పి చూసే పిల్లవానిని మందలించే ముందు తల్లిదండ్రులు, ప్రశ్నలతో విసిగించే విద్యార్థిని కూర్చోమనే ముందు ఉపాధ్యాయులు కలంగల్ గ్రామపు ఆ అల్లరి బాలుని ఒక్కసారి తలచుకొంటే చాలు.