నీడను సరిచూసిన దంతవైద్యుడు

చెట్టు నీడ ఉదయం పొడవుగా, మధ్యాహ్నం పొట్టిగా ఉంటుంది. చెట్టు మారదు, వెలుగు వచ్చే దిక్కు మారుతుంది. ఎక్స్‌రే చిత్రం కూడా ఒక నీడయే. అది సత్యం పలకాలంటే కిరణం, దంతం, ఫిల్ము ఒక క్రమంలో అమరాలి. ఈ సత్యాన్ని తొలినాళ్లలోనే గ్రహించి, దాని సాధనలో తన చేతినే కోల్పోయిన మహనీయుడు డాక్టర్ చార్లెస్ ఎడ్మండ్ కెల్స్.

కెల్స్ 1856లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో జన్మించారు. తండ్రి కూడా దంతవైద్యులే. 1878లో న్యూయార్క్ దంతవైద్య కళాశాలలో పట్టం పొంది, స్వస్థలానికి తిరిగివచ్చి తండ్రి వృత్తినే చేపట్టారు. యంత్రాలపట్ల ఆయనకు మక్కువ ఎక్కువ. విద్యుచ్ఛక్తిని దంతవైద్యంలో వినియోగించిన తొలితరం వైద్యులలో ఆయన ఒకరు. శస్త్రచికిత్సవేళ రక్తాన్ని, లాలాజలాన్ని పీల్చివేసే పంపును కూడా ఆయన రూపొందించారు.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. ఆ వార్త లోకమంతటా వ్యాపించిన కొద్ది నెలలకే కెల్స్ ఆ పరికరాన్ని సమకూర్చుకున్నారు. 1896 వేసవిలో ఆషెవిల్‌లో జరిగిన దంతవైద్యుల సభలో దానిని ప్రదర్శించారు. అమెరికాలో సజీవ వ్యక్తి నోటిలో ఫిల్మునుంచి దంతాల చిత్రం తీసిన మొదటివారిలో ఆయన ఒకరు. ఆనాడు ఒక్క చిత్రానికి కొన్ని నిమిషాలు పట్టేది. రోగి అంతసేపూ కదలకుండా కూర్చోవలసిందే.

చిత్రం రావడంతోనే ఆయన తృప్తి చెందలేదు. ఫిల్ము వంగినా, కిరణం ఏటవాలుగా పడినా దంతమూలం సాగినట్లో కుంచించుకుపోయినట్లో కనిపిస్తుంది. అందువల్ల ఫిల్మును దంతానికి సమాంతరంగా నిలిపే సాధనాన్ని తయారుచేసి, కిరణాలు లంబంగా పడేలా అమర్చారు. 1899లో దంతమూలంలోని నాళంలో సన్నని సీసపు తీగను చొప్పించి ఎక్స్‌రే తీశారు. తీగ నీడనుబట్టి నాళం ఎంతవరకు ఉన్నదీ తెలిసింది. అంతవరకు ఊహతో సాగిన చికిత్సకు కొలత ఏర్పడింది.

ఈ కచ్చితత్వానికి ఆయన చెల్లించిన మూల్యం దారుణమైనది. ఆనాటి ఎక్స్‌రే గొట్టాల శక్తి స్థిరంగా ఉండేది కాదు. అందుచేత ప్రతిసారీ గొట్టానికి ఎదురుగా తన చేతినుంచి, ఎముకలు స్పష్టంగా కనిపించేదాకా దానిని సరిచేసేవారు. కిరణాల వల్ల కలిగే హాని అప్పటికి ఎవరికీ పూర్తిగా తెలియదు. ఏళ్లు గడిచాక ఆ చేతికి క్యాన్సరు సోకింది. ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. మొదట వేళ్లు పోయాయి. తరువాత చేయి పోయింది.

అయినా ఆయన కలం ఆగలేదు. ఆ రోజుల్లో ఎక్స్‌రేలో ఏ మచ్చ కనిపించినా, శరీరంలోని రోగాలకు అదే మూలమని భావించి దంతాలను విచక్షణారహితంగా పీకివేసేవారు. 1920లో కెల్స్ ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించారు. చిత్రం తీయడం ఒక విద్య అయితే, దానిని సరిగా చదవడం మరొక విద్య అని ఆయన వాదన సారాంశం. అసహనీయమైన వేదన నడుమ 1928 మే నెలలో ఆయన జీవితం ముగిసింది.

ఆయన హెచ్చరిక ఎంత విలువైనదో పై దవడను పరిశీలిస్తే బోధపడుతుంది. అక్కడి వెనుక దంతాల మూలాలకు పైన గాలితో నిండిన కుహరం ఉంది. దీనిని మాగ్జిల్లరీ సైనస్ అంటారు. 1651లో ఆంగ్ల వైద్యుడు నథానియేల్ హైమోర్ దీనిని వివరంగా వర్ణించారు. దంతమూలం సైనస్‌కు పక్కగా ఉన్నప్పటికీ, చదునైన ఎక్స్‌రేలో రెండింటి నీడలు ఒకదానిపై ఒకటి పడి, మూలం సైనస్‌లోకి చొచ్చుకుపోయినట్లు భ్రమ కలుగుతుంది. ఎంత జాగ్రత్తగా తీసినా చదునైన చిత్రం లోతును చూపలేదు. 1990ల చివర దంతవైద్యంలోకి వచ్చిన కోన్ బీమ్ సీటీ ఆ లోతును చూపింది. సాధారణ ఎక్స్‌రేలో సైనస్‌లో ఉన్నట్లు తోచిన మూలాలలో అనేకం నిజానికి వెలుపలే ఉన్నాయని తేలింది.

యంత్రాలు మారాయి. సమాంతరంగా ఫిల్మునుంచే కెల్స్ సూత్రం మాత్రం దంతవైద్యశాలల్లో నేటికీ నిలిచి ఉంది. రోగిని, వైద్యుని కిరణాల నుండి కాపాడే నియమాల వెనుక ఆయనవంటి వారి త్యాగం ఉంది. కంటికి కనిపించిన ప్రతిదీ సత్యం కాదనీ, పరీక్షించి నిర్ధారించుకున్నదే సత్యమనీ ఆయన జీవితం బోధిస్తున్నది.