అమ్మోను పుత్రుడు అలెగ్జాండరు

అలెగ్జాండరు గెలిచిన దేశముల పేర్లు పాఠశాల బాలురకును తెలియును. అతడు ఏ జాతివాడో, మానవుడో దేవుడో అను విషయమున మాత్రము అతని కాలపువారే ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి.

క్రీ.పూ. 356లో మాసిడోనియా రాజధాని పెల్లాలో ఫిలిప్పు, ఒలింపియాసు దంపతులకు అతడు జన్మించెను. తండ్రి వంశమునకు హెరాక్లీసు, తల్లి వంశమునకు అకిలీసు మూలపురుషులని ప్రతీతి. అయినను ఏథెన్సు వక్త డెమాస్తనీసు ఫిలిప్పును గ్రీకుగా అంగీకరింపలేదు. పూర్వము ఆ వంశమువాడే యైన మరియొక అలెగ్జాండరు ఒలింపిక్ క్రీడలకు వచ్చినపుడు, తాను గ్రీకుడనని నిరూపించుకొనవలసివచ్చెను. అరిస్టాటిలునకు శిష్యుడై, హోమరు కావ్యమును దండయాత్రలో వెంట నుంచుకొనిన ఈ యువకునకు అట్టి సందేహమే లేదు.

క్రీ.పూ. 331లో ఈజిప్టు ఎడారిలోని సీవా ఆలయమున పూజారి అతనిని అమ్మోను దేవుని పుత్రుడని సంబోధించెను. ఈజిప్టువారి కిది వింత కాదు. వారికి ప్రతి ఫారోయు దైవపుత్రుడే. చిక్కు వచ్చినది స్వజనముతోనే. ఫిలిప్పు క్రింద పోరాడిన వృద్ధ యోధులకు, అతని కుమారుడు వేరొక తండ్రిని వెదకుకొనుట రుచింపలేదు. క్రీ.పూ. 328లో సమర్‌కందు విందులో క్లైటసు ఈ మాటయే ఎత్తిపొడిచెను. గ్రానికసు యుద్ధమున తన ప్రాణము కాపాడిన ఆ మిత్రుని అలెగ్జాండరు ఆగ్రహమున ఈటెతో పొడిచి చంపి, పిదప దినముల తరబడి దుఃఖించెను.

మరుసటి యేట రాజునకు సాగిలపడి మ్రొక్కు పారసీకాచారమును గ్రీకులకును విధింపజూచెను. పారసీకులకు అది రాజమర్యాద మాత్రమే. గ్రీకులకు దేవతలకు మాత్రమే చెల్లు వందనము. పెద్దలకు పాదాభివందనము చేయు మనకు ఈ పట్టుదల విచిత్రముగా తోచవచ్చును. అరిస్టాటిలు బంధువైన కాలిస్తనీసు నిరాకరించెను. ఆచారము విరమింపబడినది, కాలిస్తనీసు మాత్రము కొలదికాలమునకే కుట్రానేరము మోపబడి నశించెను.

తక్షశిలలో దండమిసు అను సన్యాసి, అలెగ్జాండరు దైవపుత్రుడైనచో తానును అట్టివాడనే యని పలికి, అతని వెంట పోనొల్లలేదని అరియను వ్రాసెను. క్రీ.పూ. 324లో ఓపిసు వద్ద తిరుగబడిన సైనికులు, ఇక తండ్రియైన అమ్మోనుతోనే కలిసి యుద్ధము చేసికొమ్మని పరిహసించిరి. మరుసటి యేటనే బాబిలోనులో, ముప్పదిమూడవయేడు నిండకుండనే, జ్వరముతో అతడు మరణించెను.

అటుపిమ్మట లైసిమాకసు నాణెములపై అతని శిరమున అమ్మోను పొట్టేటి కొమ్ములు వెలసెను. జరతుష్ట్ర మతస్థులకు అతడు శాపగ్రస్తుడు. ఫిరదౌసి కావ్యమున మాత్రము పారసీక రాజునకే పుట్టిన కుమారుడు. ప్రాచీన సంస్కృత వాఙ్మయమున అతని దండయాత్రకు స్పష్టమైన ప్రస్తావన కానరాదు. పదునాల్గవ శతాబ్దపు ఆరంభమున ఢిల్లీ నేలిన అల్లావుద్దీన్ ఖిల్జీ తన నాణెములపై తన్ను రెండవ సికందరుగా చెక్కించుకొనెను.